ముత్తాత తండ్రి ఎవరో తేలనప్పుడు వెతికే పద్ధతి

వంశవృక్షం రాయడానికి కూర్చున్న ప్రతివారికీ ఎక్కడో ఒక చోట కలం ఆగిపోతుంది. ముత్తాత పేరు తెలుసు, పెళ్ళెప్పుడైందో తెలుసు, పిల్లలెందరో తెలుసు. ఆయన పై గడిలో తల్లిదండ్రుల పేర్లు రాయబోతే మాత్రం ఇంట్లో ఒకరు ఒక పేరు, ఇంకొకరు ఇంకో పేరు చెబుతారు. కాగితం తీస్తే ఆ గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, ఇంటర్నెట్‌లో అదే పేరూ ఇంచుమించు అదే వయసూ ఉన్న మనిషి కనపడగానే ఆయన తల్లిదండ్రుల్ని తెచ్చి తమ చెట్టుకి తగిలించేస్తారు. అది చూసి మరో పదిమంది ఎత్తి రాసుకుంటారు. పది చోట్ల కనపడుతోంది కదా, నిజమే అయ్యుంటుందని పదకొండోవారూ రాసుకుంటారు.

పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. రెండు కాగితాల్లో ఉన్నది ఒకరేనని ముందు తేలాలి. ఫలానావారి కొడుకన్న మాట ఆ తర్వాత. కింద చెప్పేదంతా ఈ రెండు పనుల కోసమే. ముత్తాత అని రాస్తున్నాను గానీ ముత్తవ్వకైనా, ఇంకా పై తరం వాళ్ళకైనా దారి ఇదే.

ప్రశ్నని ఒక్క వాక్యంలో రాసుకోండి

"మా వంశం ఎక్కడిది" అని మొదలుపెడితే ఏ కాగితం కోసం వెతకాలో కూడా తెలియదు. "1911లో ఫలానా ఊళ్ళో ఫలానా ఆమెను పెళ్ళాడి, 1950లో అదే ఊళ్ళో చనిపోయిన మనిషి తండ్రి ఎవరు?" అని రాసుకోండి. అదే పేరుతో ఇంకెందరున్నా ఆ వాక్యంలో ఇమిడేది ఒక్కరే.

ఆ ప్రశ్నలోనే మరో మూడు దాగి ఉంటాయి: కన్నతల్లి ఎవరు, పుట్టుకకు కారణమైన తండ్రి ఎవరు, పెంచి ఇంటిపేరు ఇచ్చింది ఎవరు. మూడింటికీ ఒకే జవాబు వస్తుందని ముందే అనుకోకండి. తల్లి రెండో పెళ్ళి చేసుకుంటే పిల్లవాడికి మారుతండ్రి ఇంటిపేరు వచ్చి ఉండొచ్చు. పెళ్ళికాని కూతురికి పుట్టిన బిడ్డని అమ్మమ్మా తాతయ్యా తమ బిడ్డగా చెప్పుకున్న ఇళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. రికార్డులో తల్లి వయసు 47, ఆమెకి నెలల పిల్లవాడు, అదే ఇంట్లో 18 ఏళ్ళ కూతురు, ఆ పిల్లవాడికీ వాడి ముందువాడికీ మధ్య ఏడెనిమిదేళ్ళ ఎడం. ఇలా కనపడితే ఆ పేజీ దగ్గర కాసేపు ఆగండి. 47 ఏళ్ళకి పిల్లలు పుట్టరని కాదు. అనుమానించడానికి అది సరిపోతుందంతే.

ముందు ఆయన జీవితాన్నే పూర్తిగా పోగుచెయ్యండి

తండ్రి కోసం పరుగెత్తకండి. ముత్తాత చావు నుంచి వెనక్కి నడవండి. మరణ రిజిస్టరు, సమాధి రాయి, వీలునామా, భూమి దస్తావేజులు, జనాభా లెక్కలు, పిల్లల జనన పత్రాలు, పెళ్ళి రికార్డు, ఉద్యోగం చేసి ఉంటే సర్వీసు లేదా పెన్షన్ కాగితాలు, ఓడెక్కి వేరే దేశం వెళ్ళి ఉంటే ప్రయాణికుల జాబితా, బడి రిజిస్టరు. తండ్రి పేరు ఒక్కోసారి అసలు ఊహించని చోట బయటపడుతుంది. ఉదాహరణకి, 19వ శతాబ్దంలో మారిషస్‌కీ దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కీ కూలీలుగా వెళ్ళినవాళ్ళ ఎమిగ్రేషన్ పాసుల్లో తండ్రి పేరుకి ప్రత్యేకంగా గడి ఉండేది. కాకపోతే అది గుమాస్తా చెవికి వినపడినట్టు రాసిన పేరు. పలికి చూస్తేగానీ అసలు పేరేమిటో తట్టదు.

ఒక్కో కాగితం దొరికినప్పుడు మూడు సంగతులు రాసుకోండి. ఇది అసలు కాగితమా, నకలా, లేక ఎవరో తయారుచేసిన ఇండెక్సా? ఈ సమాచారం చెప్పిందెవరు? ఆ చెప్పినవారికి అది ఎలా తెలుసు? మరణ పత్రం అసలైనదే కావచ్చు, చనిపోయిన తేదీ కూడా నమ్మదగ్గదే కావచ్చు. కానీ అందులో చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు చెప్పింది అల్లుడైతే? ఆ అల్లుడు వాళ్ళని కంటితో కూడా చూసి ఉండకపోవచ్చు. ఒకే కాగితంలో ఒక గడి గట్టిగానూ పక్క గడి బలహీనంగానూ ఉండటం మామూలే.

ఇండెక్స్ దగ్గరే ఆగిపోకండి. ఫ్యామిలీసెర్చ్ లాంటి ఉచిత సైట్లలో చాలా రిజిస్టర్ల పేజీల బొమ్మలు ఉన్నాయి. అసలు పేజీ తెరిస్తే మార్జిన్‌లో ఎవరో చిన్న అక్షరాలతో రాసిన మాటో, కొట్టేసి మళ్ళీ రాసిన పేరో కనపడొచ్చు. ఇండెక్స్ రాసినవారు అవి వదిలేస్తారు.

పుట్టిన కాలానికి హద్దులు గీయండి

ఇది చిన్న లెక్కే గానీ తండ్రి కావచ్చనుకున్న వాళ్ళలో సగంమంది ఇక్కడే రాలిపోతారు. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 1911 జూన్ 5న పెళ్ళి, రిజిస్టరులో వయసు 24. అంటే 1886 జూన్ 6కీ 1887 జూన్ 5కీ మధ్య పుట్టి ఉండాలి. 1950 మార్చి 12న మరణం, సమాధి మీద వయసు 63. అంటే 1886 మార్చి 13కీ 1887 మార్చి 12కీ మధ్య. రెండూ కలిసే భాగం 1886 జూన్ 6 నుంచి 1887 మార్చి 12 దాకా, సుమారు తొమ్మిది నెలలు.

ఇప్పుడు అదే ఇంటిపేరుతో ఆ ఊళ్ళో రెండు జంటలున్నాయనుకోండి. మొదటి జంటకి 1886 అక్టోబర్ 20న ఒక కొడుకు పుట్టాడు, వేరే పేరు, ఐదేళ్ళకే పోయాడు. కవలలని ఎక్కడా లేదు. ఆ తొమ్మిది నెలల్లో అదే తల్లికి ఇంకో కాన్పు అయ్యే వీల్లేదు. మొదటి జంట జాబితాలోంచి పోయింది. చూడండి, ముత్తాత పేరే లేని ఒక జనన రికార్డు ఆయన గురించి ఎంత చెప్పిందో. అందుకే ఆ జంటల పిల్లలందరినీ వెతకాలి, చిన్నప్పుడే పోయినవాళ్ళని కూడా.

వయసులన్నీ నిజమని కాదు. 30, 35, 40 లాంటి అంకెలు కనపడితే ఉజ్జాయింపుగా చెప్పిన వయసేమోనని హద్దులు కాస్త వెడల్పు చేయండి. పెళ్ళి చట్టం కోసం రెండేళ్ళు పెంచి చెప్పినవాళ్ళూ ఉంటారు. బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా పట్టుకోకండి. ఒకే రోజు నలుగురు అన్నదమ్ములకి కలిపి బాప్తిస్మం ఇప్పించిన కుటుంబాలు ఎన్నో.

తేదీల దగ్గరే ఇంకో చిక్కుంది. ఇంగ్లాండులో 1752కి ముందు చట్టప్రకారం కొత్త సంవత్సరం జనవరి 1న కాక మార్చి 25న మొదలయ్యేది. పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టరులో పెళ్ళి "1720 ఏప్రిల్ 10" అనీ బిడ్డ బాప్తిస్మం "1720 ఫిబ్రవరి 5" అనీ ఉంటే, పెళ్ళికి ముందే బిడ్డ పుట్టిందని అనిపిస్తుంది. నిజానికి ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721. పెళ్ళయిన పది నెలలకి జరిగిన బాప్తిస్మం అది. క్యాలెండర్ చూసుకోక లేనిపోని మచ్చ వేసిన వంశవృక్షాలు కనపడుతూనే ఉంటాయి.

తండ్రి కావచ్చనుకున్న ప్రతి ఒక్కరి పేరూ రాసి, కొట్టేసే కారణం వెతకండి

ఆ ప్రాంతంలో, ఆ కాలంలో, వయసు సరిపోయే ప్రతి మగవాణ్ణీ జాబితాలో పెట్టండి. మీకు ఇష్టమైన పేరు ఒకటి ముందే మనసులో ఉంటుంది. సాధారణంగా కాస్త పేరున్న కుటుంబమే అయ్యుంటుంది. దాన్ని కూడా మిగతావాటిలాగే చూడండి. ప్రతి పేరు పక్కనా "ఈయన కాదనడానికి ఏం దొరికింది" అన్న గడి పెట్టుకోండి. ఆ గడిలో ఏమీ లేదంటే ఈయనే తండ్రి అని కాదు, ఇంకా కొట్టేయలేదని మాత్రమే.

కొట్టేయడానికి పనికొచ్చేవి: ఆ కాలానికి ముందే చనిపోవడం, ఏడాది పొడుగునా దూరదేశంలో సైన్యంలో ఉండటం, అదే పేరున్న తన కొడుకు వేరే చోట బతికే ఉన్నట్టో ముందే చనిపోయినట్టో రికార్డు ఉండటం. ఈ చివరిది చాలా గట్టిది. మీ ముత్తాత పేరుతోనే ఆయనకి ఒక కొడుకున్నాడు, సరే. ఆ కొడుకు 1905లోనే చనిపోయినట్టు రిజిస్టరులో ఉంటే 1911లో పెళ్ళాడినది ఇంకొకరు. ఇంటర్నెట్ చెట్లలో ఈ ఒక్క చావు రికార్డు చూడక జరిగే తప్పులకి లెక్క లేదు.

వీలునామాలో పేరు లేకపోతే? తొందరపడొద్దు. ఆ కొడుకు వాటా ముందే తీసుకుని ఉండొచ్చు, తగువు పడి ఉండొచ్చు, నిజంగానే కొడుకు కాకపోవచ్చు. భూమి పంపకం దస్తావేజులో వారసులందరి సంతకాలూ ఉండి ఈయన సంతకం ఒక్కటే లేకపోతే అప్పుడు ఆలోచించాలి.

పాత కాగితాల్లో బంధుత్వం పేర్లని ఇప్పటి అర్థంతో చదవకూడదు. పాత ఇంగ్లీషు రికార్డుల్లో 'సన్-ఇన్-లా' అని ఉంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి పెళ్ళి కొడుకు కూడా కావచ్చు. 'సీనియర్', 'జూనియర్' అని ఉంటే తండ్రీకొడుకులే కానక్కర్లేదు, ఒకే ఊళ్ళో ఒకే పేరున్న పెద్దాయనా చిన్నాయనా కావచ్చు. కోర్టు కాగితంలో అనాథ అని రాసినా తల్లి బతికే ఉండొచ్చు, తండ్రి పోతే చాలు అలా రాసేవారు. ఇక ఇంగ్లాండు 1841 జనాభా లెక్కల్లో ఇంటి యజమానికీ మిగతావారికీ సంబంధం ఏమిటో రాయనే లేదు, అది 1851లో మొదలైంది. అమెరికాలో 1880 నుంచి. అంతకు ముందు లెక్కల్లో ఒకే ఇంట్లో ఒకే ఇంటిపేరుతో ఉన్న పిల్లవాణ్ణి కొడుకని రాసేస్తున్నారంటే, తమ్ముడి కొడుకో అన్న కొడుకో కావచ్చన్న సంగతి మరిచిపోయారన్నమాట.

తండ్రి గడి ఖాళీగా ఉంటే

ఖాళీ గడి ఎందుకు ఖాళీగా ఉందో ఆ కాలపు చట్టం చెబుతుంది. ఇంగ్లాండులో 1875 నుంచి పెళ్ళికాని తల్లి బిడ్డ జనన నమోదులో తండ్రి పేరు రాయాలంటే ఆయన కూడా వచ్చి ఒప్పుకోవాల్సి ఉండేది. ఆయన రాకపోతే తల్లి చెప్పినా రాసేవారు కాదు. కాబట్టి ఆ ఖాళీకి "తండ్రి ఎవరో తల్లికి తెలియదు" అని అర్థం లాగకండి.

అలాంటి చోట డబ్బు జాడ పట్టుకోండి. 1834కి ముందు ఇంగ్లాండు పారిష్‌లలో ఆ బిడ్డ పోషణ ఖర్చు ఊరి మీద పడకుండా ఉండటానికి తల్లిని విచారించి తండ్రి పేరు చెప్పించేవారు, ఆయనతో పూచీకత్తు రాయించుకునేవారు. ఆ కాగితాలు చాలా చోట్ల ఇంకా ఉన్నాయి. ఏ దేశంలోనైనా పోషణ దావాలు, సంరక్షకుణ్ణి నియమించిన కోర్టు ఉత్తర్వులు, అనాథాశ్రమం చేరిక పుస్తకాలు అడగండి. బిడ్డ మధ్యపేరుగా ఎవరిదో ఇంటిపేరు కనిపిస్తే అది తండ్రిది కావచ్చు, జాబితాలో పెట్టండి. ఆ బిడ్డే పెద్దయి పెళ్ళి చేసుకునేటప్పుడు తండ్రి గడిలో పేరు రాయిస్తే దాన్ని మాత్రం కొంచెం అనుమానంగా చూడండి. నలుగురిలో ఖాళీ అని చెప్పుకోలేక తాత పేరో మారుతండ్రి పేరో చెప్పినవాళ్ళు ఉన్నారు, ఒక్కోసారి లేని మనిషిని పుట్టించినవాళ్ళూ ఉన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళని చదవండి

సూటిగా చెప్పే కాగితం లేనప్పుడు నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించేది ఈ దారే. పెళ్ళికి సాక్షులెవరు? పిల్లల బాప్తిస్మానికి నిలబడ్డది ఎవరు? అప్పుకి హామీ ఎవరు సంతకం చేశారు? ఊరు మారినప్పుడు వెంట వెళ్ళిన కుటుంబాలేవి? జనాభా లెక్కల్లో ఆయన పేజీ ఒక్కటే కాదు, ముందు రెండు పేజీలూ వెనక రెండు పేజీలూ చదవండి. ఒకే ఇంటిపేరు మూడు కాగితాల్లో మూడు రకాల హోదాల్లో తగిలితే అక్కడేదో ఉందన్నమాట.

భూమి ఇంకా బాగా మాట్లాడుతుంది. ఆయన ఒక పొలం అమ్మాడు, కానీ కొన్న దస్తావేజు ఎక్కడా లేదు. మరి ఎలా వచ్చింది? అదే సరిహద్దులతో అంతకు ముందు ఎవరి పేరు మీద ఉందో వెనక్కి వెళ్ళి చూడండి. ఆ పాత యజమాని చనిపోయిన ఏడాదికే ఈయన పేరు వచ్చి ఉంటే, ఆ యజమానికీ ఈయనకీ ఉన్న సంబంధం మీద చాలా గట్టి ఆధారం దొరికినట్టే. కొడుకు కావచ్చు, అల్లుడు కావచ్చు. ఏదన్నది భార్య వైపు కాగితాలు చూస్తే తేలుతుంది.

డీఎన్ఏ పరీక్ష: ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కాగితాల పని కొంతైనా అయ్యాకే దీనికి రండి. ముందుగా పరీక్ష చేయించాల్సింది మీకు కాదు, ఇంట్లో బతికున్న అందరికన్నా పెద్దవాళ్ళకి. తరం దిగేకొద్దీ పూర్వీకుడి వాటా సగమవుతూ పోతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎందరు ఒప్పుకుంటే అందరికీ చేయించండి, ఒకరికి రాని ముక్క ఇంకొకరికి వచ్చి ఉంటుంది.

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది కాబట్టి తెగని మగ వరసకి పనికొస్తుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది గానీ ముందుకి పంపేది కూతుళ్ళే. అన్ని వైపులా చూసే మామూలు పరీక్షలో ఎంత కలిసిందో సెంటీమోర్గాన్లలో (ఇద్దరికీ కలిసిన డీఎన్ఏని కొలిచే కొలమానం) చెబుతారు. ఒకే తల్లిదండ్రుల పిల్లల మధ్య సగటున సుమారు 2,600, ఒకే తాత మనవళ్ళ మధ్య 870 దాకా, ఒకే ముత్తాత మునిమనవళ్ళ మధ్య 230 దాకా, ఆ కింది తరంలో 70 దాకా. ఆ కింది తరం జంటల్లో ఇంచుమించు పదింట ఒకరికి అసలేమీ కలవదు. ఇంకో తరం దిగితే సగం జంటలకి కలవదు. కాబట్టి దూరపు బంధువుతో డీఎన్ఏ కలవలేదని బంధుత్వమే లేదనకండి.

ఇంకో సంగతి. తండ్రి ఒకరై తల్లులు వేరైన అన్నదమ్ములు, తాతా మనవడు, బాబాయీ ఆయన అన్న కొడుకూ: ఈ మూడు జంటలకీ కలిసేది సగటున 25 శాతమే. అంకె ఒక్కటే చూసి ఏది అన్నది చెప్పలేం, వయసులూ కాగితాలూ కావాలి. దగ్గరి బంధువుల మధ్య తరతరాలుగా పెళ్ళిళ్ళు జరిగిన కుటుంబాల్లో ఈ అంకెలన్నీ పెరిగి, దూరపు చుట్టం దగ్గరివాడిలా కనపడతాడు.

తండ్రి ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరని తేలి, ఎవరన్నది తేలకపోతే పని కష్టమే. అసలు తండ్రికి వేరే భార్య వల్ల కలిగిన బిడ్డ మనవడికీ మీ ముత్తాత మనవడికీ సగటున 1.6 శాతం కలవాలి. ఆయన సోదరుడి బిడ్డ మనవడికైతే 0.8 శాతం. తేడా రెట్టింపే గానీ రెండు గుంపుల అంకెలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండు వైపులా అయిదారుగురు పరీక్ష చేయించుకుంటేగానీ తూకం ఎటు మొగ్గుతోందో తెలియదు.

కాగితమూ డీఎన్ఏ కలిసి ఎలా పనిచేస్తాయో చూడాలంటే అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సంగతి చదవాలి. ఆయన ఇంట్లో బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ పిల్లలకి ఆయనే తండ్రి అన్న మాట ఆయన బతికుండగానే ఉంది. జెఫర్సన్‌కి భార్య వల్ల కలిగిన కొడుకుల్లో పెద్దయినవాళ్ళు లేరు, కాబట్టి ఆయన మగ వరస దొరకదు. అందుకని 1998లో ఆయన పెదతండ్రి ఫీల్డ్ జెఫర్సన్ మగ వరస వారసుల వై క్రోమోజోమ్‌ని, శాలీ చివరి కొడుకు ఎస్టన్ మగ వరస వారసుడితో పోల్చారు. కలిసింది. కుటుంబం అప్పటిదాకా తండ్రులుగా చెబుతూ వచ్చిన కార్ సోదరుల (జెఫర్సన్ మేనల్లుళ్ళు) వరసతో కలవలేదు. అంతటితో థామసే తండ్రి అని తేలిందా? లేదు. ఆ వై క్రోమోజోమ్ ఆయన తమ్ముడికీ ఉంటుంది, తమ్ముడి కొడుకులకీ ఉంటుంది. మిగతా పని కాగితాలు చేశాయి. శాలీకి గర్భం వచ్చిన ప్రతి సమయంలోనూ జెఫర్సన్ ఆమె ఉంటున్న తన ఎస్టేటులోనే ఉన్నట్టు రికార్డులున్నాయి. ఆమె మరో కొడుకు మాడిసన్ 1873లో ఒక పత్రికకి తన తండ్రి జెఫర్సనేనని స్వయంగా చెప్పాడు. ఇవన్నీ కలిపి చూశాకే, 2000లో ఆయన ఎస్టేటుని చూసుకునే ఫౌండేషన్, ఆమె పిల్లలకి ఆయనే తండ్రి అయ్యుండే అవకాశం చాలా ఎక్కువని చెప్పింది. ఆ మాటలో కూడా "అవకాశం" అని ఉంది, గమనించండి.

పరీక్ష ఫలితాల్లో మీరు వెతకనిది బయటపడొచ్చు. ఇంగ్లాండు రాజు మూడో రిచర్డ్ అస్థికలు దొరికినప్పుడు తల్లి వైపు డీఎన్ఏ వారసులతో కలిసింది గానీ, కాగితాల మీద తండ్రి వైపు బంధువులైన వారితో వై క్రోమోజోమ్ కలవలేదు. వందల ఏళ్ళ వరసలో ఎక్కడో తండ్రి మారాడన్నమాట. రాజులకైతే వార్త అవుతుంది. మీ పెదనాన్నకి ఆ కబురు ఎలా చెప్పాలన్నది వేరే టెన్షన్. అందుకే శాంపిల్ అడిగేటప్పుడే "అనుకోనిది బయటపడితే మీకు చెప్పమంటారా, వద్దా?" అని అడిగి ఆ జవాబు రాసుకోండి. బతికున్నవాళ్ళ వివరాలు వాళ్ళు ఒప్పుకోకుండా ఎక్కడా పెట్టకండి.

తేలింది ఎంతో అంతే రాయండి

చివరికి ఒకటి రెండు పేజీల్లో వాదన రాయండి: ప్రశ్న, వెతికిన కాగితాలు, దొరకని కాగితాలు, జాబితాలోని ఒక్కొక్కరినీ ఎందుకు కొట్టేశారు, మిగిలిన ఒకరి మీద ఎంత నమ్మకం. ఎదురు చెప్పే కాగితం ఏదైనా ఉంటే దాచకుండా, అది ఎందుకు తప్పనుకుంటున్నారో కూడా రాయండి. రాస్తున్నప్పుడే ఎక్కడ గొలుసు తెగుతోందో మీకే కనపడుతుంది. చెట్టులో ఆ గీతని చుక్కలతో వేసి "బహుశా" అని పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యం లేకపోతే నోట్‌లో రాసి, ఈ వాదనని దానికి జతచేయండి.

దొరకని కాగితాల జాబితాలో ప్రతిదాని పక్కనా ఎందుకు దొరకలేదో రాసుకోండి. శాశ్వతంగా పోయినవి వేరు, ఇంకా తెరవనివి వేరు. ఇంగ్లాండు, వేల్స్ 1931 జనాభా లెక్కలు 1942లో కాలిపోయాయి, 1941లో లెక్కలే జరగలేదు, వాటి కోసం ఎదురుచూసి లాభం లేదు. అమెరికా లెక్కలు 72 ఏళ్ళ తర్వాత తెరుస్తారు. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి, 1960వి 2032 ఏప్రిల్‌లో రావాలి. ఆ తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆరోజు ఏ పేరు, ఏ ఊరు వెతకాలో పక్కనే రాసి ఉంచండి.